పుక్కిట నీళ్ల రాయబారి

కనకమేఖల రాజ్యానికి కొత్త మహారాయబారి దొరికాడని పొద్దున్నే దండోరా మోగేసరికి, రాజధానిలో నెల్లాళ్లుగా మంచం దిగని పెద్దమనుషులందరికీ మోకాళ్ల నొప్పులు ఒక్కసారిగా తగ్గిపోయాయి.

ఆ నొప్పులు ఎందుకు వచ్చాయో చెప్పాలి. నీలవేణీ నదికి ఆవలి ఒడ్డున ధూమగిరి దుర్గాన్ని కాలకంటకుడనే మాంత్రికుడు ఏలుతున్నాడు. అతను ఎగువన మాయ అడ్డుకట్ట వేసి నదిలో సగం నీళ్లు బిగబట్టాడు. రాయబారిని పంపండి, మాట్లాడుకుందాం అంటాడు. పంపితే, నది నడిమిని దాటి అతని ఎల్లలో అడుగుపెట్టాక ఒక్క అబద్ధం ఆడినా చాలు, ఆ మనిషి కాళ్ల నుంచి రాయి కావడం మొదలవుతుంది. మొదటి రాయబారి వెళ్లి "తమ దర్శనంతో జన్మ ధన్యమైంది" అన్నాడు. వాక్యం పూర్తికాకముందే మడమలు బిగుసుకుపోయాయి. రెండోవాడు "మా మహారాజుకు తమరంటే ఎంతో గౌరవం" అన్నాడు. మూడోవాడు కాలకంటకుడి ఆరోగ్యం గురించి దిగులు పడ్డాడు. నాలుగోవాడు మహా మేధావి. ముందే అన్నీ విచారించుకుని వెళ్లి, "నేను చచ్చినా అబద్ధమాడను" అని మొదలుపెట్టాడు. రాయబారుల చదువే అది, వాళ్లనని ఏం లాభం?

ఆ నాలుగోవాడు వెళ్లి నెల దాటింది. అప్పటి నుంచి కొలువులో రాయబారి అన్న మాట ఎత్తితే చాలు, ఒకరికి మోకాళ్లు, ఒకరికి నడుము, ఒకరికి పెద్దకూతురి పురుడు.

ఆ నాలుగో రాయబారికి గొడుగు పట్టినవాడి పేరు పోలన. దొరగారి మాటకు పక్కన నిలబడి "అవునవును" అన్న పాపానికి అతని కాళ్లు కూడా బిగుసుకున్నాయి. రాయి రోజుకు రెండు వేళ్ల మేర పైకి పాకుతుంది. ఆలోపు కాలకంటకుడే మనసు మార్చుకుని వదిలితే సరే, మాడు దాకా ఎక్కిందంటే ఇక బ్రహ్మ దిగివచ్చినా ఆ మనిషి మనిషి కాడు. ముందు వెళ్లిన ముగ్గురి సంగతీ అలాగే అయిపోయింది. ఇప్పుడు వాళ్ల నెత్తిన కాకులు వాలుతున్నాయి.

పోలన తమ్ముడు తిప్పన నీలవేణి మీద పడవ నడుపుతాడు. నది నడిమిదాకా వెళితే, అక్కడ అడ్డంగా నిలిచిన మాయపొగ సందుల్లోంచి ఆవలి ఒడ్డున అన్న కనిపిస్తాడు. మొదటివారం రాయి మోకాళ్లదాకా ఉంది. తరవాత నడుము, తరవాత రొమ్ము. నిన్న పొద్దున చూస్తే గడ్డం కిందికి వచ్చింది. అక్కడి నుంచి ముందుకు పడవ సాగదు. ముద్రదండం లేని పడవను నడిమి పొగ గిర్రున తిప్పి వెనక్కి పంపేస్తుంది. ఆ దండం మహారాయబారి చేతికి తప్ప మరొకరికి ఇవ్వరు. అందుకని తిప్పన నేరుగా కొలువుకు వెళ్లి ఆ పదవి తనకిమ్మని అడిగాడు. కీర్తిసేన మహారాజు "బాగా ఆలోచించుకున్నావా" అని అడగబోయి, వీడు నిజంగానే ఆలోచించుకుంటాడేమోనని భయపడి, ఆ ప్రశ్న మింగేసి తాంబూలం చేతిలో పెట్టాడు.

అన్నదమ్ములు అంత ప్రాణంగా ఉండేవారా అంటే, ఆరేళ్లుగా మాటల్లేవు. పోలన పడవ వదిలి రాజుగారి కొలువులో గొడుగు పట్టడానికి చేరిననాడు తిప్పన నలుగురిలో "ఇంకొకడి నెత్తికి నీడ పట్టడం కూడా ఒక బతుకేనా" అన్నాడు. పోలన "నా గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతా" అన్నాడు. అంతే. ఎదురుపడితే ఒకడు కుడివైపు చూసేవాడు, ఒకడు ఎడమవైపు చూసేవాడు. తప్పంతా అన్నదేనని తిప్పన ఆరేళ్లుగా పడవ ఎక్కిన ప్రతివాడికీ చెప్పాడు. ఇప్పుడు అన్న నోరు కూడా రాయైపోతే ఆ తగువు ఇక తెగదు. ఆ తలపు వచ్చినప్పుడల్లా అతనికి తెడ్డు చేతిలో నిలవడం లేదు.

అయితే తాంబూలం అందుకున్నంత మాత్రాన రాయబారి అయిపోరు. పుక్కిలి నడక నడవాలి. ఇది ఆ రాజ్యంలోనే ఉన్న ఆచారం. వెనకటికి ఒక రాయబారి శత్రువు కొలువులో ఎవరో ఏదో అన్నారని ఉక్రోషపడి ఒక్క మాట తిరిగి అన్నాడు. దాంతో పన్నెండేళ్లు యుద్ధం జరిగింది. అప్పటి నుంచి, కొత్త రాయబారి నీలవేణి నీళ్లు పుక్కిట పట్టుకుని రాజభవనం నుంచి ఉత్తర ద్వారం దాకా నడవాలని శాసనం వేశారు. దారిలో జనం ఏమైనా అనవచ్చు. ముట్టుకోకూడదు, అంతే. ఉత్తర ద్వారం దగ్గర రాగి గంగాళంలో ఆ నీళ్లు ఉమ్మి, ముద్రదండం అందుకోవాలి. నడుమ నీళ్లు మింగినా, కింద పడినా పదవి పోతుంది. మళ్లీ ఏడాది దాకా అడగడానికి కూడా వీల్లేదు. సొంత ఊరి నోరు భరించలేనివాడు పగవాడి నోరు ఏం భరిస్తాడని పెద్దల ఉద్దేశం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ ఊళ్లో దానికి పరీక్ష పెట్టి మరీ చూసేవారు.

ఆనాడు నగరం తొడుక్కున్న సొగసు అంతా ఇంతా కాదు. సింహద్వారం నుంచి మొదలై అరకోసు పొడవునా పచ్చటి మామిడాకుల తోరణాలు, వాటి నడుమ బంతిపూల గుత్తులు, వాటి చివర ముత్యాల జాలరులు. వీధి పొడుగునా పన్నీటి కలాపి. మేడల మీద కాషాయం, నీలం, చిలకపచ్చ పతాకాలు గాలికి పటపటలాడుతున్నాయి. రత్నకంబళ్లు కప్పిన పన్నెండు ఏనుగులు బారులు తీరాయి. ఆ పతాకాల మీద గత రాయబారి పేరు ఉంటే దాని మీద ముగ్గుపిండి పూశారు. గట్టిగా గాలి వీచినప్పుడు పిండి రాలి ఆయన పేరు మళ్లీ కనబడుతోంది.

ఇన్ని సొగసుల నడుమ తిప్పన బయలుదేరాడు. కొలువువాళ్లు అతనికి జరీ అంగరఖా తొడిగారు. ఆ అంగరఖా మీదే అతను అలవాటు కొద్దీ భుజానికి పడవతాడు చుట్ట వేసుకున్నాడు. తాడు లేకుండా గడప దాటి ఎరగడు. పురోహితుడు రాగిచెంబుతో నీళ్లు నోట్లో పోశాడు. బుగ్గలు బూరెల్లా పొంగాయి. ఆ మొహం చూసి మొదటి నవ్వు ఏనుగుల మావటివాళ్లే నవ్వారు.

పట్టుసాలెల వీధిలో జనం పోటెత్తి ఉన్నారు. రాయబారి అంటే చీనాంబరాల మంచిచెడ్డలు తెలిసినవాడై ఉండాలనీ, తమ వీధిలో అటువంటివాళ్లు ఇంటికొకరు ఉన్నారనీ, అయినా తమను అడిగిందెవరనీ వాళ్లు వాపోయారు. నిన్నటిదాకా రాజభటుడు ఆ వీధిలోకి వస్తే మగ్గాల గుంటల్లో దాక్కున్నది ఈ ఇంటికొకరే. మాజీ దండనాయకుడొకడు మేడ మీద నిలబడి, ఇలాంటి పనికి పడవవాడు కాదు, కత్తి పట్టినవాడు కావాలని కేక వేశాడు. ఆయన కత్తి పట్టిన చివరి సందర్భం పనసకాయ కోయడం. కవులు మాత్రం సిద్ధంగా ఉన్నారు. కొత్త రాయబారి ఎవరైనా సరిపోయేలా నాలుగు పద్యాలు ముందే కట్టి, పేరు దగ్గర ఖాళీ ఉంచుకున్నారు. తిప్పన అన్న పేరు ఆ ఛందస్సులో ఇమడకపోయేసరికి, ఇతని నియామకంలోనే ఏదో దోషం ఉందని తేల్చేశారు.

తిప్పన చెవులకు ఇవి కొత్త కాదు. పడవ మీద ఇంతకంటే పెద్ద మాటలు రోజూ వింటాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనే లోకాన్ని ఇరవై ఏళ్లుగా అటూ ఇటూ చేరవేస్తున్నవాడు. బుగ్గలు బిగించుకుని నడిచాడు.

పడవవాళ్ల వాడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నడక నెమ్మది చేశాడు. తనవాళ్లు కదా, ఒక పువ్వన్నా వేస్తారనుకున్నాడు. వేశారు. వేస్తూనే, వీడికంటే తామందరూ తెడ్డు బాగా వేస్తారనీ, చిన్నప్పుడు వీడికి ఈత నేర్పింది తామేననీ, అప్పుడే వదిలేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదనీ చెప్పుకున్నారు. తిప్పన పినతల్లి ఒకావిడ ముందుకొచ్చి, కుక్కను అందలం ఎక్కిస్తే కుచ్చులన్నీ తెగకొరికిందట అని చేతులు తిప్పింది. వాడ వాడంతా మెచ్చుకుంది. తిప్పన కళ్లలో నీళ్లు తిరిగాయి. పుక్కిట నీళ్లు మాత్రం కదల్లేదు.

పండితుల అరుగుల దగ్గర అసలైన మనిషి తగులుకున్నాడు. ఆయన నీతివిశారద వాచస్పతి. రాయబార శాస్త్రం మీద తొమ్మిది గ్రంథాలు రాశాడు. కొలువులో ఇంతమంది ఉండగా ఆయన్ని కాదని పడవవాణ్ణి ఎలా పంపుతారని ఊరంతా అడుగుతోంది. ఆ ప్రశ్న పుట్టింది మటుకు ఆయన ఇంట్లోనే. మహామంత్రి స్వయంగా నాలుగుసార్లు ఇంటికి వెళ్లి బతిమాలితే నాలుగుసార్లూ దుప్పటి కప్పుకుని మూలిగినవాడు, ఈ వేళ తిప్పన పక్కనే యువకుడిలా నడుస్తూ ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"ఓయీ తిప్పనా, సామ దాన భేద దండాలలో నీకు తెలిసింది దండం ఒక్కటే, అదీ పడవ తోసే గెడ. సంధికీ విగ్రహానికీ తేడా చెప్పగలవా? చెప్పలేవు. నోట్లో నీళ్లున్నాయి కాబట్టి కాదు, బుర్రలో లేదు కాబట్టి. నేను వెళ్లవలసినవాణ్ణి. నన్ను పిలిచినవాడు లేడు కదా."

జనం అయ్యో పాపం అన్నారు. తిప్పన తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నడిచాడు. వాచస్పతి మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక్కొక్క అరుగు దాటుతుంటే ఒక్కొక్క గ్రంథం అయిపోయింది.

గంధపు వర్తకుల వీధి మలుపులో జనం ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నారు. వీధి నడుమ ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఒంటి నిండా దుమ్ము. చేతిలో విరిగిన గొడుగు. అది పోలన.

పోలన రెండు చేతులూ చాచాడు. కళ్లవెంట ధారలు కారుతున్నాయి.

"తమ్ముడూ, తప్పించుకుని వచ్చేశానురా నాయనా. ఇక నువ్వు వెళ్లక్కర్లేదు. ఆరేళ్లు నిన్ను బాధపెట్టాను, నాదే తప్పు. ఒక్కసారి నోరారా అన్నా అని పిలవరా, నా ప్రాణం చల్లబడుతుంది."

ఈ మాటల కోసం తిప్పన ఆరేళ్లు ఎదురుచూశాడు. పడవ మీద ఒంటరిగా ఉన్నప్పుడు అన్న నోట ఇవే మాటలు, ఇదే వరుసలో పలికించి చూసుకున్నాడు. పెదవులు వణికాయి. పళ్ల సందు నుంచి ఒక చుక్క పెదవి చివరకు వచ్చి నిలిచింది. జనం ఊపిరి బిగబట్టారు. ఎవరో వెనక నుంచి, అన్నను చూసి కూడా పలకని కసాయివాడు రాయబారేమిటని అన్నారు కూడా.

కానీ ఆ నాదే తప్పు అన్న మాట తిప్పన చెవిలో ముల్లులా గుచ్చుకుంది. పోలన ఆ మాట అనడు. తండ్రి చచ్చిపోయేటప్పుడు అడిగినా అనలేదు. చిన్నప్పుడు తనే పడవకు చిల్లి పెట్టి, పడవ మునుగుతుంటే కూడా చిల్లి తమ్ముడిదేనని వాదించిన మనిషి. ఆరేళ్ల తరవాత తమ్ముడు కనబడితే పోలన చేసే మొదటి పని మొహం తిప్పుకోవడం. ఇంత తియ్యగా మాట్లాడేవాడు ఎవడో గాని, తన అన్న మాత్రం కాడు. తిప్పన ఆ చుక్కను లోపలికి లాక్కుని, చాచిన చేతుల పక్క నుంచి నడిచి వెళ్లిపోయాడు.

వెనక నుంచి కీచుమని ఒక అరుపు వినిపించింది. పోలన చేతులు రెక్కలయ్యాయి. గొడుగు చువ్వలు గోళ్లయ్యాయి. చూస్తుండగానే వీధి వెడల్పున్న నల్లటి గండభేరుండం లేచి తోరణాలు తెంపుకుంటూ మేడల మీదికి ఎగిరింది. అది కాలకంటకుడి శిష్యురాలు ఘంటాకర్ణి. ఏ రూపమైనా ఇట్టే ఎత్తుతుంది, ఎవరి గొంతుకైనా ఇట్టే తెస్తుంది. పాపం, ఎవరి స్వభావం ఏమిటో కనుక్కునే ఓపిక మాత్రం లేదు. అప్పటిదాకా రాయబారి పదవికి తగినవాళ్లతో కిటకిటలాడిన వీధి రెప్పపాటులో ఖాళీ అయిపోయింది.

తిప్పన పరుగందుకున్నాడు. ఉత్తర ద్వారం ఎదురుగానే ఉంది. ఎరుపు రాతి కమాను, దాని మీద ఎదురెదురుగా తొండాలెత్తిన ఏనుగులు, కింద వేదిక, వేదిక మీద ముద్రదండం పట్టుకుని మహారాజు, ముందు రాగి గంగాళం. ఇంకో ఇరవై అడుగులు. అన్న మెడ కళ్ల ముందు మెదిలింది. పది అడుగులు.

అప్పుడే నెత్తిన చీకటి కమ్మింది. పక్షి దిగివచ్చింది. తిప్పన ఒడుపుగా పక్కకు దూకాడు. దాని గోళ్లకు అతని వెనకనే, చుట్టూ ఏమవుతోందో గమనించకుండా ఇంకా ఎనిమిదో గ్రంథం చెబుతూ పరుగెత్తుకొచ్చిన వాచస్పతి చిక్కాడు. ఉత్తరీయంతో సహా పండితుడు గాలిలోకి లేచాడు. తొమ్మిది గ్రంథాల్లోనూ దీనికి విరుగుడు రాయలేదు కాబోలు, గొర్రెపిల్లలా అరిచాడు.

తిప్పన ఆలోచించి చేసింది కాదు. నీళ్లలో పడ్డవాడు మంచివాడా చెడ్డవాడా అని పడవవాడు అడగడు. భుజం మీది తాడు చేతిలోకి వచ్చింది, చుట్ట విడింది, విసిరాడు. తాడు విసిరితే పడవవాడు కేక వెయ్యాలి. ఏడేళ్ల వయసు నుంచి చేతికి, నోటికి కలిసి వచ్చిన అలవాటు అది.

"పట్టు!"

ఆ కేకతో పాటు నీలవేణి నీళ్లన్నీ దుమ్ములో పడ్డాయి.

వాచస్పతి తాడు పట్టాడు. తిప్పన తాడు కొసను ద్వారం పక్క రాతికంబానికి రెండు చుట్లు వేసి, పోటు నీళ్లలో పడవను నిలిపినట్టు నిలిపాడు. పక్షి రెక్కలు కొట్టింది, గింజుకుంది, గోళ్లు సడలించింది. పండితుడు జారి చల్లలమ్మే మాదెమ్మ కుండల మీద పడ్డాడు. మూడు కుండలు పగిలాయి. ఘంటాకర్ణి గుప్పెడు ఈకలు రాల్చుకుని నది వైపు పోయింది.

తిప్పన నేల వంక చూశాడు. తడి అప్పుడే ఇంకిపోతోంది. మోకాళ్ల మీద కూలబడి ఆ మట్టిని రెండు చేతులా తీశాడు. దానితో ఏం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకున్నాడు. ఇక ఏడాది. అన్నకున్నవి అయిదారు రోజులు. అతను ఏడ్చాడు. నోట్లో నీళ్లు లేవు కాబట్టి గట్టిగానే ఏడ్చాడు.

జనం మెల్లగా సందుల్లోంచి బయటికి వచ్చారు. నోరు ఆపుకోలేనివాడు రాయబారికి తగడని తాము మొదటే అన్నామన్నారు. ఒళ్లంతా చల్లతో, చెవి మీద కరివేపాకుతో లేచి నిలబడిన వాచస్పతి అందరికంటే ముందు వేదిక దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశాడు.

"మహాప్రభూ, చూశారు కదా. నీరు నేలపాలైంది. శాసనం ప్రకారం వీడు అనర్హుడు. ఇందులో దయాదాక్షిణ్యాలకు తావు లేదు."

శాసనం ప్రకారం అనేసరికి ద్వారపాలకుడు ఎఱ్ఱప్ప గొంతు సవరించుకున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి. ఆ ద్వారం పక్కనే శాసనం చెక్కిన రాతిపలక ఉంది. ఆ దారిన పోయే వాళ్లంతా తాంబూలం వేసుకుని వేలికి మిగిలిన సున్నం ఆ పలకకే రాసి పోతారు. ఎనభై ఏళ్ల సున్నం కింద పై నాలుగు వరుసలు తప్ప ఏమీ కనబడవు. ఎఱ్ఱప్ప బరిసె మొనతో కింది సున్నం గీకాడు. గీకి, కళ్లు చికిలించి, తాపీగా చదివాడు.

"ఆ నీరు ఎవరి నిమిత్తం నేలపాలయినదో, వారే ఆ నీరు పుక్కిట పట్టి, ఆ పదవి వహించవలెను."

వెంటనే వాచస్పతికి మోకాళ్ల నొప్పి వచ్చింది. రెండు మోకాళ్లూ ఒకేసారి పట్టేశాయి. మహారాజు పెదవి కొరుక్కుని గంభీరంగా ఉండడానికి చాలా కష్టపడ్డాడు. ఇంతటి విద్వాంసుణ్ణి పిలిచినవాడు లేడన్న కొరత ఇప్పుడు శాసనమే తీర్చిందని అన్నాడు. పురోహితుడు చెంబు వంచాడు. పండితుడు ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. అదే అదనుగా నీళ్లు పోసేశారు.

గంగాళం దాకా ఉన్న దూరం పది అడుగులు. ఆ పది అడుగులూ ఊరంతా ఆయన్ని పొగిడింది. ఎంత గాంభీర్యం, ఒక్క మాటైనా తూలడం లేదు, రాయబారి అంటే ఇలా ఉండాలి అన్నారు. కవులు ఖాళీలో ఆయన పేరు పెట్టి చూశారు. సరిగ్గా సరిపోయింది. వాచస్పతి కళ్లు మాత్రం దిక్కులు చూస్తున్నాయి. అటు రెండు వరసల బల్లేలు, ఇటు రెండు వరసల బల్లేలు. గంగాళంలో ఉమ్మి, ముద్రదండం అందుకున్నాడు.

తిప్పన చేతిలోని మట్టి దులిపేసుకుని లేచాడు. వేదిక ముందు నిలబడి చేతులు జోడించాడు.

"దొరా, అయ్యవారికి గొడుగు పట్టేవాడు కావాలి కదా. నేను పడతాను. పడవా నాదే."

ఆరేళ్ల కిందట తాను ఏ పనిని వెక్కిరించాడో అదే పని అడుక్కుంటున్నానని అతనికి తెలుసు. సిగ్గేసింది. అయినా అడిగాడు. రాజు తలూపాడు. అంత గొప్పగా పొగిడిన ఊళ్లోంచి పండితుడి వెంట బయలుదేరింది ఆ ఒక్కడే.

పొద్దు వాలుతుండగా పడవ నీలవేణి మీదికి వచ్చింది. ఎదర పొగ గోడకట్టి నిలబడింది. తిప్పన ఒక చేత్తో గొడుగు పట్టి, ఒక చేత్తో తెడ్డు వేస్తూ, నడిమి దాటాక తెలిసీ తెలియక కూడా అబద్ధం ఆడవద్దనీ, చేతనైతే అసలు మాట్లాడవద్దనీ పండితుడికి నచ్చచెప్పాడు. ముద్రదండం చూసి పొగ రెండుగా చీలింది. పడవ నడిమి దాటింది. వాచస్పతికి పౌరుషం వచ్చింది.

"నాకు చెప్పేవాడివా? నేను పుట్టాక అబద్ధమాడి ఎరగను."

పడవ అడుగున టప్పుమని చప్పుడైంది. పండితుడి ఎడమకాలి బొటనవేలు రాయై పలకను తాకింది. అక్కడి నుంచి ఆయన నిజంగానే మౌనం పాటించాడు.

పొగ వెనక ధూమగిరి పైకి లేచింది. ఇనుపరంగు కొండ, కొండను చుట్టుకున్న ఏడు ప్రాకారాలు, ప్రతి బురుజు మీద ఆకుపచ్చ మంటల దివిటీలు, ఆ మంటల చుట్టూ రెక్కలు లేని గబ్బిలాలు. ఒడ్డున లోహద్వారం. ద్వారం ముందు రాతి మనుషులు, జన్మ ధన్యమైన నవ్వుతో ఒకడు, గౌరవంతో వంగి ఒకడు, కుశలమడుగుతూ ఒకడు. వాళ్ల పక్కన గడ్డందాకా రాయైన నాలుగో రాయబారి. ఆయన వెనక, గొడుగెత్తిన చెయ్యి దిగకుండానే, పోలన.

పోలన కళ్లు పడవ వైపు తిరిగాయి. తమ్ముణ్ణి చూశాయి. వెంటనే అతను ఆరేళ్ల నాటి కోపంతో మొహం పక్కకు తిప్పుకోబోయాడు. మెడ రాయి కావడంతో తిరగలేదు. అలా గింజుకుంటూ ఎదురుగానే చూడవలసి వచ్చింది.

తిప్పనకు ప్రాణం లేచివచ్చింది. ఇతను నిజంగా అన్నే.

"అన్నా, తప్పంతా నాదేనన్నా," అన్నాడు.

వెంటనే కుడికాలి చిటికెనవేలు చల్లబడి బిగుసుకుపోయింది. తిప్పన దాని వంక చూసి గతుక్కుమన్నాడు. పొద్దుట ఇవే మాటలు ఘంటాకర్ణి నోట విన్నాడు. అప్పుడెంత నిజమో ఇప్పుడూ అంతే నిజం కాబోలు.

"సరే, సగం నాది," అన్నాడు. "సగం నీది."

చల్లదనం అక్కడే ఆగిపోయింది. పోలన మూతి బిగించుకున్నాడు. సగం ఒప్పుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నట్టు లేడు, కానీ కళ్లలోంచి నీరు కారి రాతి రొమ్ము మీద పడింది.

అప్పుడు లోహద్వారం లోపలి నుంచి, కొండే మాట్లాడినట్టు, కాలకంటకుడి గొంతు వినిపించింది. మీలో రాయబారి ఎవరని అడిగింది. వాచస్పతి ముద్రదండాన్ని గబుక్కున గొడుగు నీడలోకి దాచి, మాట్లాడితే ముప్పని గుర్తుంచుకుని, పెదవి విప్పకుండా తిప్పన వైపు వేలు చూపించాడు. ఆ వేలు అలా చూపిస్తుండగానే రాయైపోయింది. ఇక దింపుదామన్నా దిగదు.

ద్వారం ఇవతల ఘంటాకర్ణి పక్షి రూపంలో వాలి, ఈకలు ఊడిన రెక్క సవరించుకుంటూ, ఇతను నోట జారవిడవబోయే మాట కోసం మెడ చాచింది. అవునంటే అబద్ధం. నెత్తిదాకా రాయి. కాదంటే, కానివాడికి ఆ ద్వారం దగ్గర నిలబడే హక్కేమిటి? తిప్పన అన్న కళ్లలోకి ఒకసారి చూశాడు. గొడుగు ముడిచి పడవలో పెట్టాడు. ఒడ్డు మీదికి కాలు దించాడు. రాతి చిటికెనవేలు బండకు తగిలి ఖంగుమంది.

"రాయబారిని కాను. పడవవాణ్ణి. నీ నీళ్ల సంగతి నాకు పట్టలేదు. మా అన్నను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాను, నువ్వంటే భయంగా ఉంది."

ఆకుపచ్చ మంటలు ఒక్కసారి తగ్గాయి. తిప్పన కాళ్ల వంక చూసుకున్నాడు. చిటికెనవేలు తప్ప మిగిలిందంతా మాంసమే. లోహద్వారం జానెడు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది, మళ్లీ జానెడు తెరుచుకుంది. నిజం చెప్పినవాణ్ణి ఏం చెయ్యాలో కాలకంటకుడు అప్పటిదాకా ఆలోచించుకోలేదు.